హెల్మెట్ కింద ముఖం కనబడాలంటే

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న స్టూడియో ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా కూర్చోలేక ఈమధ్య ఒక బిల్డర్ దగ్గర పని ఒప్పుకున్నాను. కోకాపేట వైపు ముప్పై అంతస్తుల టవర్ కడుతున్నారు. బ్రోచర్‌కూ, సేఫ్టీ క్యాలెండర్‌కూ అక్కడి పనివాళ్ల ఫొటోలు కావాలట. పదకొండు నుంచి రెండు గంటల వరకే లోపలికి రానిస్తున్నారు. మొదటి విడత తీసి పంపితే సగం తిప్పికొట్టారు. హెల్మెట్ కింద కళ్లుండాల్సిన చోట నల్లటి గుంతలు, చొక్కాలు తెల్లగా పేలిపోయాయి, ఫ్లాష్ వేస్తే జాకెట్ మీది పట్టీలు భగ్గుమన్నాయి. ముందు నిలబెడితే మనుషులు జనగణమన పాడుతున్నట్టు బిగుసుకుపోతున్నారు. కొత్త లెన్స్ కొనాలా? అన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసి ఇచ్చేస్తే గట్టెక్కుతానా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లెన్స్ కొనకండి. మీ కష్టాలన్నిటికీ కారణం మీ ఉత్తరంలోనే ఉంది: పదకొండు నుంచి రెండు. పెళ్లిలో ముహూర్తం పంతులుగారు పెడతారు, మనం నోరు మూసుకుని తీస్తాం. ఇక్కడ ముహూర్తం పెట్టింది గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకున్న మనిషి. దాన్ని మార్చమని అడగొచ్చు. అడగడానికి మీ చేతిలో కొన్ని లెక్కలుండాలి, అవి చెబుతాను.

హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గుంజకు ఆ నిమిషంలో నీడే ఉండదు. అది గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు, మే నెలలో అయితే 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో. మన దేశపు గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, మనం దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉన్నాం. అందుకే మన మిట్టమధ్యాహ్నం కాస్త ఆలస్యం. అంటే మీకిచ్చిన మూడు గంటల్లో రోజు మొత్తం మీద నీడ అతి తక్కువగా ఉండే సమయం నట్టనడుమ కూర్చుంది. వెలుగు నిట్టనిలువుగా దిగుతుంది, హెల్మెట్ అంచు దాన్ని ఆపుతుంది, ముక్కుకొనా చెంప ఎముకలూ మాత్రం మెరుస్తాయి. దీనికి ఏ లెన్స్ ఏం చేస్తుంది?

అదే మే నెలలో ఉదయం ఎనిమిదింటికి సూర్యుడు నేలకు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. తొమ్మిదీ ఇరవైకి దాదాపు 49 డిగ్రీలు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా మనకు అంతే ఎత్తు. చలికాలంలో పొద్దంతా దొరికే వెలుగు వేసవిలో తొమ్మిదిన్నర లోపే అయిపోతుందన్నమాట. మధ్యాహ్నం మూడు దాటాక మళ్లీ వస్తుంది.

కాబట్టి ప్రాజెక్ట్ మేనేజర్‌ని ఇలా అడగండి: "సార్, పొద్దున టూల్‌బాక్స్ టాక్ టైముకు వస్తాను." పెద్ద సైట్లలో పని మొదలయ్యే ముందు సేఫ్టీ ఆఫీసర్ అందర్నీ ఒకచోట నిలబెట్టి ఆ రోజు జాగ్రత్తలు చెబుతాడు, అదే ఈ టూల్‌బాక్స్ టాక్. మనుషులు వరుసగా ఉంటారు, జాకెట్లకు ఇంకా సిమెంట్ అంటదు, హెల్మెట్ పట్టీలు గడ్డం కింద బిగించి ఉంటాయి, సూర్యుడు పక్కవాటుగా ఉంటాడు. క్యాలెండర్‌కు కావలసిన గ్రూప్ ఫొటోలు అక్కడే అయిపోతాయి. ఎవరి పనీ ఆగదు గనక మేనేజర్ కూడా కాదనడు. స్లాబ్ ఎప్పుడు వేస్తున్నారో కూడా కనుక్కోండి. 40 డిగ్రీలు దాటిన వేడిలో కాంక్రీట్ తొందరగా బిగుసుకుని పగుళ్లిస్తుంది. అందుకే వేసవిలో చాలామంది చల్లబడ్డాక సాయంత్రమో, తెల్లవారుజామునో పోత పెట్టుకుంటారు. బూమ్ పంప్ గొట్టం పట్టుకున్నవాళ్లు, కాంక్రీట్‌ను కుదిపి సర్దే వైబ్రేటర్ దించుతున్నవాళ్లు, వెనకాల మట్టం కొడుతున్న మేస్త్రీ, వాలుతున్న ఎండ. బ్రోచర్ అట్ట మీదికి దీన్ని మించిన ఫొటో మధ్యాహ్నం దొరకదు.

ఎంత అడిగినా గేటు సమయం మారదనుకుందాం. అప్పుడు స్లాబ్ మీద ఎండలో ఉన్నవాళ్ల జోలికి పోకండి, నీడలో జరిగే పని వెతకండి. పెద్ద సైట్‌లో అది బోలెడు. కింది అంతస్తుల్లో బ్లాకు గోడలు కట్టేవాళ్లు, ప్లాస్టరింగ్, టైల్స్, పుట్టీ పెట్టేవాళ్లు, గోడకు గాడి కొట్టి పైపులు దించే ఎలక్ట్రీషియన్లు, రేకుల షెడ్డు కింద రాడ్డు వంచేవాళ్లు. వీళ్లలో ఒకరిని ఎంచుకుని నీడ అంచుకు లోపల ఒకటి రెండు మీటర్లలో పనిచేస్తుండగా, ముఖం బయటి వెలుగు వైపు ఉన్నప్పుడు తీయండి. మీరు వెలుగు వైపు, ఆయన వెనక చీకటి గది. నీడలో వెలుగు ఎండకంటే మూడు నాలుగు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది) తక్కువ ఉంటుంది, మీ కెమెరాకు అది ఏపాటి? తిరగేసి మీరు లోపల నిలబడి బయటికి చూస్తూ తీశారో, మనిషి నల్లగా, వెనక నగరం తెల్లగా మిగులుతాయి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వెలుగు వైపు నిలబడటమంటే పై అంతస్తుల్లో మీ వీపు ఖాళీ అంచు వైపు ఉండటం. పెళ్లిమండపంలో వెనక్కి వెనక్కి అడుగులేసే అలవాటు మనందరిదీ. ఈ పని నేల అంతస్తులోనో, రెయిలింగ్ బిగించిన చోటో మాత్రమే చేయండి. ఫ్రేమ్ సరిపోకపోతే జూమ్ తిప్పండి, కాలు వెనక్కి వేయొద్దు. కెమెరా కంటికి ఆనించి నడవొద్దు. క్రేన్ బరువు లేపుతుంటే ఎంత మంచి ఫొటో అయినా దాని కిందికి పోవద్దు.

నీడలన్నీ ఒకటి కావు, అది చూసుకోండి. చుట్టూ కట్టిన ఆకుపచ్చ నెట్ వెనక తీస్తే చెంపలు పసరు పూసినట్టు కనిపిస్తాయి. నీలం తాటిపత్రి కింద ఇంకా ఘోరం. కలర్ సరిచేసి పచ్చదనం తీసేస్తే, ఎండ తగిలిన పక్కభాగం గులాబీరంగుకు తిరుగుతుంది. పక్కనే ఎర్రమట్టి గుట్ట ఉంటే గడ్డం కింద ఎరుపు చేరుతుంది. అదే ఎండిన కొత్త స్లాబ్, ఇసుక కుప్ప, ముఖ్యంగా పుట్టీ పెట్టిన తెల్లగోడ ఎండలో ఉండి, మీ మనిషి దానికి ఎదురుగా నీడలో ఉంటే మీకు పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే స్టూడియో పెట్టె) ఉచితంగా దొరికినట్టే. క్యూరింగ్ కోసం, అంటే కాంక్రీట్ గట్టిపడాలని తడిపిన స్లాబ్ మాత్రం ముదురు రంగుకు తిరిగి వెలుగు మింగేస్తుంది. ఇంకో మాట. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మనకు మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపుంటాడు. అలవాటు కొద్దీ ఉత్తరం గోడ నీడకు పోతారేమో, ఆ రోజుల్లో నీడ దక్షిణం పక్కన ఉంటుంది. అదీ పలచనే. జూన్ మిట్టమధ్యాహ్నం వంద మీటర్ల టవర్‌కు పది మీటర్ల నీడ పడితే గొప్ప.

హెల్మెట్ సంగతి. మొదట మనసులోకి వచ్చేది "ఒక్క నిమిషం తీసెయ్ అన్నా" అనడం. అనొద్దు. వెనక్కి తిప్పి పెట్టుకోమనీ అనొద్దు. ఆయన తలకు ప్రమాదం అన్నది ఎలాగూ ఉంది, పైగా ఆ ఫొటో సేఫ్టీ ఆఫీసర్ చేతిలో మొదటి చూపులోనే చస్తుంది. దానికి బదులు మీరు ఎత్తులోకి వెళ్లండి. మెట్ల మీద రెండు మెట్లు పైకెక్కితే చాలు, ఆయన మీవైపు చూడటానికి గడ్డం లేపుతాడు, అంచు నీడ కళ్ల మీదినుంచి నుదుటికి జరుగుతుంది. వెనక ఆకాశం పోయి నేలో స్లాబో వస్తుంది, అదీ లాభమే. సూర్యుడు పక్కవాటుగా ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది, మిట్టమధ్యాహ్నం సగమే. కళ్లు చిట్లిస్తుంటే ఒకసారి మూసుకుని, మీరు మూడు అనగానే తెరవమనండి. తెరిచిన మొదటి క్షణంలో నొక్కెయ్యాలి, తర్వాత మళ్లీ ముడుచుకుపోతాయి.

చొక్కాలు పేలిపోవడానికి కారణం వెలుగు ఎక్కువవడం కంటే, ఒకే మనిషి మీద రెండు రకాల వెలుగు పడటం. ముఖం నీడలో, భుజం ఎండలో. ఈ తేడాను ఏ కెమెరా మింగలేదు. మనిషిని అరడుగు లోపలికి జరపండి, లేదా అరడుగు జరిగేదాకా ఆగండి. కెమెరా వెలుగు కొలిచే మీటరింగ్‌ను స్పాట్‌లో, అంటే ఒక్క చిన్న చోటే కొలిచేలా పెట్టి, చెంప మీద కొలవండి. చామనఛాయ దాటిన ఒంటిరంగుకు మీటర్ చూపినదానికంటే ముప్పాతిక స్టాప్, స్టాప్ దాకా తగ్గించాలి, లేకపోతే మీటర్ అందర్నీ బూడిదరంగులోకి తెల్లబరుస్తుంది. మొత్తం ఫ్రేమ్‌ను కొలవనిస్తే ఆకాశమూ జాకెట్లూ దాన్ని మోసం చేసి ముఖాన్ని నల్లగా ముంచేస్తాయి. మీకు మొదటి విడతలో జరిగింది అదే కావచ్చు.

ఆ జాకెట్లు మామూలు బట్ట కాదు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను కూడా పీల్చుకుని పసుపుగానో నారింజగానో తిరిగి వదిలే రంగు వాటిది. అందుకే అవి ఎండలో తెల్లబట్టను మించి వెలుగుతాయి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటి వెలుగులు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్) తెల్లగీత ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోండి. నారింజ జాకెట్‌కు ఎరుపు గీత ముందుగా గ్రాఫ్ కుడి అంచుకు గుద్దుకుంటుంది. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) తీస్తున్నారనే అనుకుంటున్నాను. ఎండలో స్క్రీన్ మీద ఫొటో చూసి తీర్పు చెప్పకండి, ఎప్పుడూ చీకటిగానే అనిపిస్తుంది.

ఫ్లాష్ వేస్తే పట్టీలు మండటానికి కారణం ఫ్లాష్ పవర్ కాదు, దాని స్థానం. ఆ వెండి పట్టీ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపేలా తయారైంది. రాత్రిపూట లారీ హెడ్‌లైట్ వెలుగు తిరిగి డ్రైవర్ కంటికే చేరాలని కదా దాన్ని పెట్టింది. ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉంటే ఆ వెలుగు నేరుగా మీ లెన్స్‌లోకే వస్తుంది. ఫ్లాష్ తీసి ఒక బార దూరంలో పక్కకు పెట్టండి, పట్టీ వెలుగును దానికే తిప్పికొడుతుంది, మీ ఫొటోలో బూడిదరంగు గుడ్డలా అణిగి ఉంటుంది.

పవర్ లెక్క కూడా చెబుతాను. నేరు ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100కు లెన్స్ రంధ్రం ఎఫ్16, షటర్ సెకనులో 1/100. మీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల గరిష్ఠ షటర్ వేగం) 1/200 అనుకుంటే ఎఫ్11. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం కొలత) 36 ఉన్న మామూలు ఫ్లాష్ ఫుల్ పవర్‌లో మూడు మీటర్ల కొంచెం పైన దాకా ఎఫ్11 అందిస్తుంది. మీకు కావలసింది నీడను కాస్త తేల్చడమే గనక సగం పవర్ చాలు. గొడుగు తగిలిస్తే ఆ పవర్ తినేస్తుంది, పైగా పదో అంతస్తు గాలికి గొడుగు మీ చేతిలో ఉండదు. వెనక మసకగా కావాలని ఎఫ్4కు పోతే స్పీడ్ 1/1600కు ఎక్కుతుంది, అంత వేగానికి వాడాల్సిన హైస్పీడ్ సింక్‌లో ఫ్లాష్ బలం పడిపోతుంది. దానికి మందు ఎన్‌డీ 8 ఫిల్టర్, లెన్స్ ముందు తగిలించే నల్లద్దం. మూడు స్టాప్‌లు కోసి మిమ్మల్ని మళ్లీ 1/200కు దించుతుంది. లెన్స్‌కు దాచిన డబ్బులో కొంచెం దీనికి ఖర్చుపెట్టండి. ఇంకొంచెం పెట్టి ఒక థర్మోకోల్ షీట్ కొనండి. మన సినిమావాళ్లు ఎండలో హీరో ముఖం కింద పట్టేది అదే. వెండి రిఫ్లెక్టర్ సైట్‌లోకి తీసుకుపోవద్దు. ఎదుటిమనిషి కళ్లలో పొడుస్తుంది, గాలికి తిరిగిందంటే ఆ తళుకు పైన క్రేన్ ఆపరేటర్ కళ్లలో పడుతుంది. థర్మోకోల్ కూడా నేల మీదే, ఒకరు గట్టిగా పట్టుకుంటేనే.

మనుషులు బిగుసుకుపోవడం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం ఎండకంటే ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది. పక్కన సూపర్‌వైజర్ నిలబడి "ఏయ్, ఫొటోకు నిలబడు" అంటే ఎవరు మాత్రం నవ్వుతారు? ఆయన ముందు అడిగితే ఎవరూ వద్దనరు, అది ఒప్పుకోవడం కిందికి రాదు. ఆయన్ను టీకి పంపించి మీరే వెళ్లి అడగండి. సైట్‌లో పాలమూరువాళ్లుంటారు, శ్రీకాకుళం వాళ్లుంటారు, ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లుంటారు. అన్నా, అక్కా, భయ్యా, ఎవరికి ఏది తగితే అలా పిలవండి. "ఏమయ్యా" అని మాత్రం వద్దు. ఫొటో ఎక్కడ వేస్తారో ఉన్నదున్నట్టు చెప్పండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటే మీ ఫైల్ నిండుతుందేమో, సంతకం పెట్టినాయనకు తెలిసిందేమీ ఉండదు. వద్దన్నవాళ్లను వదిలేయండి, కారణం అడగకండి. ఊళ్లో ఏ పని చెప్పి వచ్చాడో మనకెందుకు.

ఎవరు గుత్తకు చేస్తున్నారో, ఎవరు రోజు కూలీయో కనుక్కోండి. చదరపు అడుగుల లెక్కన ప్లాస్టరింగ్ చేసే జోడీని మీరు ఇరవై నిమిషాలు నిలబెడితే వాళ్ల డబ్బు పోయినట్టే. నిలబెట్టాల్సి వస్తే ఆ సమయానికి లెక్క కట్టివ్వమని మేనేజర్‌తో ముందే మాట్లాడండి. అసలు నిలబెట్టకుండా తీయడం ఉత్తమం. తాపీతో గోడకు మాల్ కొట్టే చెయ్యి పైకి లేచినప్పుడు ఏమవుతుందో కాసేపు ఊరికే చూడండి. ప్రతి పనికీ ఒక తూగు ఉంటుంది, ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది, ముఖం వెలుగులోకి తిరిగే క్షణం ఎప్పుడొస్తుందో మీకు ముందే తెలిసిపోతుంది. 1930, 31లలో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ లేస్తుండగా ల్యూయిస్ హైన్ తీసిన ఫొటోలు వెతికి చూడండి. చాలావాటిలో మనిషి చూపు చేతిలోని బోల్టు మీదో, తీగ మీదో ఉంటుంది, నగరం ఎక్కడో కింద మసగ్గా. ఆ రోజుల్లో వాళ్ల నెత్తిన ఉన్నవి గుడ్డ టోపీలే లెండి, అంత అదృష్టం మనకు లేదు, ఉండకూడదు కూడా.

మధ్యాహ్నం అన్నం వేళ స్లాబ్ కింద గుండ్రంగా కూర్చుని తింటుంటే వెలుగు ఎంత బాగుంటుందో నాకు తెలుసు, మీ చెయ్యి ఆగదనీ తెలుసు. అది వాళ్లకు రోజులో దొరికే ఒకే విశ్రాంతి. పిలిస్తే వెళ్లి కూర్చోండి, కెమెరా ఒళ్లోనే ఉంచుకోండి. షెడ్ల దగ్గర ఆడుకునే పిల్లల్ని బిల్డర్ బ్రోచర్ కోసం తీయనే వద్దు. తీసిన ఫొటోలు సాయంత్రానికి వాళ్ల వాట్సాప్‌కు పంపండి, కుదిరితే ప్రింట్లు వేయించి రెండోసారి వచ్చినప్పుడు పంచండి. మూడో రోజుకు "అన్నా, నాది కూడా" అని వాళ్లే పిలుస్తారు.

పంపేముందు ఒక్కో ఫొటోను సేఫ్టీ ఆఫీసర్ కళ్లతో జూమ్ చేసి చూడండి. ముందున్న మనిషి చక్కగానే ఉంటాడు, వెనక మూలలో ఒకతను చెప్పులతో, ఇంకొకతను హుక్ తగిలించని బెల్టుతో, మరొకతను గడ్డం పట్టీ వేలాడేసుకుని ఉంటాడు. మీకు తిప్పికొట్టిన సగంలో ఇలాంటివి కూడా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. ఎడిటింగ్‌లో బూట్లు తొడగడం, హుక్ అతికించడం చేయకండి. అది సేఫ్టీ క్యాలెండర్, అందులో అబద్ధం ఉండకూడదు.

ధూళి గురించి రెండు ముక్కలు. సిమెంట్ పొడి తడి తగిలితే గట్టిపడుతుంది, పొడిగా తుడిస్తే గాజును గీస్తుంది. లెన్స్ మీద ముందు బ్లోయర్ కొట్టండి, తర్వాతే గుడ్డ. లోపల లెన్స్ మార్చకండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. డబ్బిచ్చి పురమాయించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు ఆ పురమాయించినవాళ్లే. అంటే బ్రోచర్‌కని తీసిన ముఖం రేపు నార్సింగి సర్వీస్ రోడ్డు మీద హోర్డింగ్ ఎక్కొచ్చు, మీరు అడ్డుచెప్పలేరు. కాబట్టి ఏయే వాడకాలకు ఇస్తున్నారో, మీ ఆల్బమ్‌లో పెట్టుకునే హక్కు మీకుందో లేదో పని మొదలవకముందే ఒక పేజీ మీద రాయించుకోండి. పనివాళ్లకు మీరు చెప్పిన మాట ఆ పేజీలో రాసినదాన్ని దాటకూడదు.

ఇక బ్లాక్ అండ్ వైట్. కంటి దగ్గర వివరమే రికార్డు కాకపోతే రంగు తీసేసినా గుంత గుంతగానే ఉంటుంది. పైగా క్యాలెండర్ చూసేవాళ్లకు జాకెట్ రంగు, హెల్మెట్ రంగు తెలియాలి, అందుకే కంపెనీ ఒప్పుకోదు. కానీ మధ్యాహ్నపు నిలువు ఎండకు బ్లాక్ అండ్ వైట్‌లో ఒక మంచి వాడకం ఉంది. రాడ్ల జల్లెడ నీడ కింది షీట్ల మీద గళ్లుగళ్లుగా పడుతుంది, దాని మీద వంగి తీగ చుట్టే చేతులు, వీపు. ముఖం అక్కర్లేదు. అలాంటివి పై అంతస్తు రెయిలింగ్ దగ్గర్నుంచి కొన్ని తీసి విడిగా పెట్టుకోండి, రాతలో అనుమతి వస్తే మీ ఆల్బమ్‌కు పనికొస్తాయి. బిల్డర్‌కు మాత్రం రంగువే పంపండి, ఈసారి తొమ్మిదిన్నర లోపు తీసినవి.